మూడువందల ఏడులో అద్దె కట్టే ఆయన

మనిషి నిప్పు కనిపెట్టిన రోజును ఎవరూ రాసిపెట్టుకోలేదు. చక్రం సంగతీ అంతే. తాళాల మామయ్య ఇతరుల తలుపు తట్టేముందు దగ్గడం ఎప్పుడు మొదలుపెట్టాడన్నది కూడా అలాగే చరిత్రకు అందకుండా పోయే ప్రమాదం ఉన్నందున ఇందుమూలంగా నమోదు చేయడమైనది: ఇరవై ఆరేళ్ళ క్రితం, ఒక మంగళవారం, రెండో అంతస్తులో. అంతకుముందు యుగంలో ఆయన నేరుగా తట్టేవాడు, తలుపు తెరుచుకునేది. ఆ యుగం, లోపల స్నానం ముగించి తువ్వాలు కోసం వెతుక్కుంటున్న ఒక బ్యాంకు గుమాస్తా కారణంగా అర్ధాంతరంగా ముగిసింది. ఆనాటి నుంచి దగ్గు.

దానికి మూడు ఘట్టాలు. మొదటి దగ్గు మెట్ల మలుపులో: వస్తున్నాను. రెండోది గుమ్మం ముందు: వచ్చాను. మూడోది తట్టడానికి చెయ్యి పైకెత్తాక: ఇక మీ ఇష్టం. నాలుగంతస్తులు, నలభై గదులు, రోజుకొకసారి. ఆసుపత్రిలో పనిచేసే నర్సొకావిడ ఆ దగ్గును బట్టి గడియారం సరిచేసుకునేది.

మనిషి బక్కపలచన. నడుముకు వేలాడే తాళాల గుత్తి బరువుకు ఒకవైపు ఒరిగి నడుస్తాడు. గుత్తి తీసి మేకుకు తగిలించినా అలాగే నడుస్తాడు. పొద్దున్నే పంపు వెయ్యాలి, మెట్ల లైట్లు ఆర్పాలి, మీటర్లు చూడాలి, ఎవరి గదిలో గోడకు చెమ్మ దిగితే అక్కడికెళ్ళి నిలబడి బాధపడాలి. మెట్ల కింది గదిలో కాపురం. ఆయన భవనమంతటికీ మామయ్య కాబట్టి ఆయన భార్య అందరికీ అత్తయ్య. ఆ పదవికి ఆవిడ దరఖాస్తు పెట్టుకోలేదు. కానీ అందులోని అధికారాలను పూర్తిగా వినియోగించుకుంది.

చాలా కాలం పాటు ఆ భవనానికి ఒకే ఓనరు ఉండేవాడు. ఒకటో తారీఖున గొడుగు పట్టుకుని వచ్చి, గొడుగు మొనతో ప్రతి కుళాయినీ పొడిచి చూసి, కారేది కారుతోందని నిర్ధారించుకుని వెళ్ళేవాడు. ఆయనకు సూత్రాలు తక్కువ గాని ఉన్నవి గట్టివి. అందులో ఒకటి: గది మనిషికిచ్చాం, కుటుంబానికి కాదు. మనిషి పోతే ఒప్పందం పోయినట్టే.

ఈ సూత్రం ఒక్కసారే అమలైంది. రెండో అంతస్తులో ఉండే బస్సు కండక్టరు పోయిన ఎనిమిదో రోజున, ఆయన భార్య గది ఖాళీ చేసింది. ఆమె పెట్టెను మామయ్యే కిందికి దించాడు. ఆకుపచ్చ ఇనప్పెట్టె, ముప్పై రెండు మెట్లు. ఆమె వెనకే దిగింది, దారి పొడుగునా ఒక్క మాటా అనలేదు. గేటు దగ్గరికొచ్చాక అడిగింది.

"బరువుగా ఉందా అన్నయ్యా? ఆ పక్క నేను పట్టుకోనా?"

ఆమె తిట్టి ఉంటే మామయ్య ఆ సాయంత్రానికే మర్చిపోయేవాడు. ఆ ప్రశ్నకు మాత్రం ఆయనకిప్పటికీ జవాబు దొరకలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళ వరకు పట్టపగలు, ఎండ మెట్ల మీద పడుతున్న వేళ, రెండో అంతస్తు మలుపులో ఇనప్పెట్టె మెట్టు మెట్టుకీ తగిలే చప్పుడు ఆయనకు వినిపించేది. అత్తయ్యకు వినిపించేది కాదు. ముప్పై రెండు లెక్కపెట్టేదాకా ఆయన కదిలేవాడు కాదు. ముప్పై రెండు తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఏదో అడగబోతున్నట్టుండేది.

ఓనరు ముసలివాడై భవనాన్ని ఒక కంపెనీకి అమ్మేశాడు. కంపెనీ తరఫున ల్యాప్‌టాప్ పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. మర్యాద తెలిసిన పిల్ల, చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడిచింది. మామయ్యకు పరిస్థితి వివరించింది.

"ఈ బిల్డింగుని లక్ష ముక్కలు చేశాం అంకుల్."

మామయ్య గోడకేసి చూశాడు.

"మీకు కనిపించవు లెండి. లెక్కలో ముక్కలు. టోకెన్లంటారు."

"సైకిల్ స్టాండులో ఇచ్చేవా?"

"అలాంటివే అనుకోండి. కానీ ఈ టోకెన్ని ఇంకొకాయనకి అమ్ముకోవచ్చు. తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. మధ్యలో బ్యాంకు ఉండదు, మేనేజరు ఉండడు, సంతకాలుండవు. అంతా ప్రోగ్రామే చూసుకుంటుంది. నెలనెలా వచ్చే అద్దె కూడా అదే ముక్కలు చేసి పంచేస్తుంది."

"మరి సైకిలో?"

"సైకిలు ఇక్కడే ఉంటుంది అంకుల్. అది మీరు చూసుకుంటారు."

మామయ్యకు ఈ ఏర్పాటులో తన స్థానం అర్థమైంది. ఒక్క సందేహం మిగిలింది. "ఇప్పుడు ఓనరెవరమ్మా?"

"పదకొండు వేల మంది."

"అందరూ ఒకటో తారీఖునే వస్తారా?"

ఎవరూ రారని ఆ అమ్మాయి హామీ ఇచ్చింది. ఆ హామీ మామయ్యకు నచ్చలేదు. గొడుగు పట్టుకుని వచ్చే ఓనరును తిట్టుకోవచ్చు. రాని ఓనర్లు పదకొండు వేల మంది ఉన్న ఇంట్లో రాత్రీ పగలూ ఎవరో ఉన్నట్టే ఉంటుంది.

ఆ వారమే అద్దెవాళ్ళందరినీ కింద హాల్లో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ అమ్మాయి ఇంకో ఏర్పాటు గురించి చెప్పింది. ఇష్టమైనవాళ్ళు కాస్త పెద్ద మొత్తం తమ ఖాతాలో ఉంచితే, అది ఉన్నచోటే పెరుగుతుంది. ఎవరికీ అప్పివ్వక్కర్లేదు, వ్యాపారంలో పెట్టక్కర్లేదు.

"ఈ వ్యవస్థకి కాపలాగా ఆ డబ్బు అక్కడ కూర్చుంటుందన్నమాట. కూర్చున్నందుకు దానికి జీతం. ఆ జీతంలోంచే మీ అద్దె రోజూ కొంచెం కొంచెం కట్ అయిపోతుంది. మీరు వేలు కూడా కదపక్కర్లేదు."

"కూర్చున్నందుకు జీతమా?" అంది అత్తయ్య. "మా ఆయన ఇరవయ్యారేళ్ళుగా నిలబడి తీసుకుంటున్నాడు. ఆయన్ని కూడా అందులో వేసుకోరాదూ?"

అందరూ నవ్వి లేచిపోయారు. ఒక్కాయన లేవలేదు. మూడువందల ఏడులో ఉండే కళ్ళద్దాల ఆయన.

ఆయన నలభై ఏళ్ళు ఒక చిన్న గదిలో సానపట్టే యంత్రం ముందు కూర్చుని జనానికి అద్దాలు అరగదీశాడు. ఆ భవనంలో కళ్ళజోడున్న ప్రతివాడి ముక్కు మీదా ఆయన చేతిపనే ఉండేది, మామయ్య ముక్కు మీద కూడా. ఆ మధ్యే పని మానేసి, యంత్రం అమ్మేసి, ఆ డబ్బుతో ఏం చెయ్యాలో తోచక ఉన్నాడు. అంతా తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాడు. మిగిలిన కాస్తతో అదే భవనానికి చెందిన టోకెన్లు పన్నెండు కొన్నాడు.

"అద్దె కట్టేదీ నేనే, అందులో వాటా తీసుకునేదీ నేనే," అని మామయ్యకు చెప్పాడు. "కుడి జేబులోంచి ఎడం జేబులోకి. మధ్యలో పదకొండు వేలమంది చేతులు పెడతారు, అంతే."

ఆ ఖాతా తెరవడానికి పన్నెండు మాటల రహస్యం ఒకటుంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోమని ల్యాప్‌టాప్ అమ్మాయి మరీమరీ చెప్పింది. ఆయన రాయలేదు, బుర్రలోనే పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళపాటు ఊళ్ళో అందరి కంటి నంబర్లూ నోటికి చెప్పిన మనిషికి పన్నెండు మాటలొక లెక్కా?

ఏడాది గడిచింది. రోజూ పొద్దున ఆరుంబావుకు మామయ్య ఫోను టింగుమనేది. మూడువందల ఏడు, అద్దె అందింది. ఎక్కడో కూర్చున్న డబ్బు పెరిగేది, పెరిగినది అద్దెగా దిగేది, దిగినది లక్ష ముక్కలై ఏవేవో దేశాల వాళ్ళ జేబుల్లో పడేది. వాళ్ళలో కొందరు దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టేవారట. ఇంత పెద్ద వలయంలో మనిషన్నవాడు చెయ్యాల్సిన పని ఒక్కటే మిగిలింది. పంపు వెయ్యడం.

ఒక మధ్యాహ్నం కళ్ళద్దాల ఆయన సిటీ బస్సులో, కిటికీ పక్క సీట్లో, కునుకు తీస్తున్నట్టే పోయాడు. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టి లేపబోయాడు. పన్నెండు మాటలూ ఆయనతోనే పోయాయి.

సాగనంపి వచ్చిన మర్నాడు మామయ్య మెట్ల మీద కూర్చుని ఉండగా, ఆరుంబావుకు ఫోను టింగుమంది. మూడువందల ఏడు, అద్దె అందింది. చెల్లించినవారు: ఒప్పందదారు.

మామయ్య ఆ ఫోనును కాసేపు దూరంగా మెట్టు మీద పెట్టాడు. తర్వాత తీసుకుని మూడో అంతస్తుకెళ్ళి, మూడుసార్లు దగ్గి, తలుపు తట్టాడు. పోయినాయన భార్య తలుపు తీసింది. దర్జీ షాపులకు బొత్తాలు కుట్టిచ్చే మనిషి, చేతిలో సూది అలాగే ఉంది. మామయ్య ఫోను చూపించాడు.

"ఆయనే కట్టారా అన్నయ్యగారూ?"

"ఆయనే చెల్లెమ్మా."

"అవున్లెండి," అందామె. "ఆయన ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు."

అసలు చిక్కు నెలాఖరున వచ్చింది. కంపెనీ ప్రతి నెలా మామయ్య ఫోనుకు ఒక ఫారం పంపేది. భవనం ఉందా, పైకప్పు ఉందా, నీళ్ళున్నాయా అని. భవనం ఉందని నెలనెలా రాసివ్వడం మొదట్లో ఆయనకు తమాషాగా ఉండేది. పదకొండు వేల మంది చూడని ఇల్లు నిజంగా ఉందని చెప్పే సాక్షి తనొక్కడేనని తెలిశాక కొంచెం గర్వంగా కూడా ఉండేది. అందులో తొమ్మిదో ప్రశ్న గదుల వారీగా ఉండేది: ఒప్పందదారుని ఈ నెలలో చూశారా? చూశాను, చూడలేదు. రెండు గళ్ళు.

ముప్పై తొమ్మిది గదులకు 'చూశాను' అని నొక్కి, మూడువందల ఏడు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. చూడలేదని నొక్కితే మనిషి లేడని తెలుస్తుంది. మనిషి పోతే ఒప్పందం పోయినట్టే. ఆ తర్వాత ఎనిమిదో రోజున పెట్టె దించవలసింది ఎవరో ఆయనకు తెలుసు. ఈసారి మూడో అంతస్తు, నలభై ఎనిమిది మెట్లు. చూశానని నొక్కితే అబద్ధం. ఇన్నేళ్ళ కొలువులో ఆయనాడిన అబద్ధం ఒక్కటే, పంపు రేపటికి బాగైపోతుందని. అది కూడా ఆశ కిందికి వస్తుంది గాని అబద్ధం కిందికి రాదని ఆయన వాదన.

పైకెళ్ళి పోయినాయన భార్యకు చెప్పాడు. ఆమె ఆలోచించి గోడ మీది ఫోటో చూపించింది.

"దాన్ని చూసి వెళ్ళండి. చూశాననే రాయండి. ఏది చూశారో వాళ్ళడగలేదుగా?"

ఆ విధంగా ఒక ఆచారం ఏర్పడింది. ప్రతి నెలా ఆఖరి రోజు పొద్దున మామయ్య చొక్కా మార్చుకుని మూడో అంతస్తుకెళ్ళేవాడు. దగ్గి, తట్టి, లోపలికెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని, ఫోటో ముందు పది లెక్కపెట్టేదాకా నిలబడేవాడు. పోయినాయన్ని పోయినాయన చేసిన అద్దాల్లోంచి చూసేవాడు. కిందికొచ్చి 'చూశాను' నొక్కేవాడు. కోర్టులో నిలబెట్టినా నెగ్గే సాక్ష్యం.

మొదటి రెండు నెలలు బాగానే జరిగింది. మూడో నెలాఖరున గుమ్మం ముందు రెండోసారి దగ్గగానే, లోపలి నుంచి ఎవరో తిరిగి దగ్గారు. మగ గొంతు. మామయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కాసేపటికి ఆమె మెట్లెక్కి వెనక నుంచి వచ్చింది, చేతిలో ఆరిన బట్టలు.

"ఏం అన్నయ్యగారూ, బయటే నిలబడ్డారు? తాళం వేసుందిగా."

నాలుగో నెలాఖరున మెట్ల మలుపులో కళ్ళద్దాల ఆయన కనిపించాడు. భయపెట్టేలా ఏమీ లేడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎండకెదురుగా ఒక అద్దం పట్టుకుని గీతలున్నాయేమో చూస్తున్నాడు. మామయ్యను పలకరించలేదు. పింఛను కోసం మున్సిపాలిటీ ఆఫీసులో ముఖం చూపించుకోవడానికి పిలిస్తే వచ్చి వరసలో నిలబడ్డ మనిషిలా, తన పనేదో అయ్యేదాకా ఉండి, తర్వాత లేడు.

ఆ తర్వాత ప్రతి నెలా ఆఖరి వారం వచ్చేవాడు. పంపు గది దగ్గర, మీటరు పెట్టెల దగ్గర. మామయ్య చూసినట్టు అయ్యేదాకా ఉండేవాడు. మామయ్య చిక్కిపోయాడు. ఒకరోజు అత్తయ్య పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏంటీ మధ్య గోడల్తో మాట్లాడుతున్నారు?"

చెప్పాడు.

"మీరు చూశానని రాయకముందు కనిపించాడా?"

"లేదు."

"రాశాకే కనిపిస్తున్నాడు?"

"ఊఁ."

"అయితే అది దయ్యం కాదు. మీ టిక్కు మార్కు. పదకొండు వేల మందికి ఉన్నాడని చెప్పారు, పాపం రాక ఏం చేస్తాడు?" కొంచెం ఆగి అంది. "పిచ్చి మనిషీ, మానెయ్యండిక."

"మానేస్తే పెట్టె ఎవరు మోస్తారే?"

అత్తయ్య వాదన ఆపి ఆయనకు కంచం పెట్టింది. ఆవిడ విషయంలో ఇది అరుదైన సంఘటన.

పెట్టె చప్పుడు కూడా తిరిగొచ్చింది. ముప్పై రెండు దగ్గర ఆగకుండా నలభై ఎనిమిది దాకా వినిపించేది. పగలే, అందరూ తిరుగుతుండగానే.

పంతొమ్మిదో నెలలో ల్యాప్‌టాప్ అమ్మాయి ఫోను చేసింది. గొంతులో సంతోషం పొంగుతోంది.

"అంకుల్, గురువారం వస్తున్నాను. ఫోటోగ్రాఫరుని కూడా తెస్తున్నా. మూడువందల ఏడు అంకుల్ని కలవాలి."

మామయ్య పంపు కట్టేసి అడిగాడు. "ఎందుకమ్మా?"

"మీకు తెలీదు, ఆయన మాకెంత ముఖ్యమో! ముప్పై ఒక్క నెలలు, ఒక్కరోజు తప్పలేదు. టోకెన్లు కొన్నవాళ్ళంతా అడుగుతున్నారు ఎవరీయన అని. నిజమైన ఇల్లు, నిజమైన మనిషి, డబ్బు తనంతట తను పెరిగి తనంతట తను అద్దె కడుతోంది. మేం ప్రపంచానికి చూపించాలనుకున్నది ఆయన్నే! శాలువా కూడా కొన్నాం."

బుధవారం సాయంత్రం మామయ్య పైకెళ్ళి చెప్పాడు. ఆమె బొత్తాల డబ్బా మూత పెట్టింది. తలుపు పక్కన ఒక పెట్టె కనిపించింది. మూత సగం తెరిచుంది.

"అదేంటి చెల్లెమ్మా?"

"సగమే సర్దాను. పుస్తకాలు వేరే మూట కట్టాను. మీకు మొయ్యడానికి తేలిగ్గా ఉండాలని."

మామయ్య ఆ పెట్టెను కాలితో మంచం కిందికి నెట్టి, తల తిప్పుకుని కిందికొచ్చేశాడు. మలుపులో కళ్ళద్దాల ఆయన ఉన్నాడు. ఈసారి అద్దంలోకి చూడటంలేదు, మామయ్యకేసి చూస్తున్నాడు.

గురువారం పదిన్నరకు వాళ్ళొచ్చారు. ల్యాప్‌టాప్ అమ్మాయి, మెడలో రెండు కెమెరాలేసుకున్న ఒక లావుపాటాయన, రంగు కాగితంలో చుట్టిన శాలువా. మూడంతస్తులెక్కేసరికి ఫోటోగ్రాఫరుకు ఆయాసమొచ్చింది. మామయ్య తట్టాడు. ఆమె తలుపు తీసి పక్కకు జరిగింది. ఉతికిన చీర కట్టుకుంది, కుర్చీలు తుడిచి పెట్టింది. ఖాళీ చెయ్యమని చెప్పించుకోవడానికి కూడా ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా.

"అంకుల్ ఏరి?" అంది ల్యాప్‌టాప్ అమ్మాయి నవ్వుతూ.

ఆ అమ్మాయి నవ్వు అలాగే ఉంచుకుని గదంతా చూసి, గోడ దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"ఆయన పోయి పంతొమ్మిది నెలలైందమ్మా," అన్నాడు మామయ్య. "తప్పంతా నాదే. నెలనెలా చూశానని టిక్కు పెట్టింది నేను. ఈవిడకేం సంబంధం లేదు."

"ఫోటో చూసి వెళ్ళమన్నది నేనే," అందామె.

"నువ్వూరుకో చెల్లెమ్మా."

"మీరూరుకోండి. పంతొమ్మిది నెలలుగా మీరు చిక్కి సగమవడం నేను చూడట్లేదనుకున్నారా?"

ఫోటోగ్రాఫరు చప్పుడు కాకుండా ఒక కుర్చీలో కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ అమ్మాయి ఇంకో కుర్చీలో కూర్చుని, శాలువాను ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే రోజూ అద్దె…"

"ఆయనే కడుతున్నాడు," అన్నాడు మామయ్య. "నాకు కనిపిస్తూనే ఉన్నాడు కూడా. అది వేరే సంగతి. నేను అడిగేది ఒకటేనమ్మా. నా ఉద్యోగం తీసేయండి, ఫరవాలేదు. ఈవిడని మాత్రం ఎనిమిదో రోజుకే పొమ్మనకండి. కాస్త ఎక్కువ గడువివ్వండి. పెట్టె నేను మొయ్యను. ఆ ఒక్కటీ నా వల్ల కాదు."

బయట మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడో, దించుతున్న చప్పుడో వినిపించింది. మామయ్య తిరిగి చూడలేదు.

"ఎనిమిదో రోజేంటి అంకుల్?" అంది ఆ అమ్మాయి. "మనిషి పోతే ఖాళీ చెయ్యాలని మీకెవరు చెప్పారు?"

"ఓనరు."

"ఏ ఓనరు?"

మామయ్య చేత్తో గొడుగు పట్టుకున్నట్టు చూపించాడు.

"మరి తొమ్మిదో ప్రశ్న?" అంది పోయినాయన భార్య. "ఈ నెలలో చూశారా అని అడుగుతారుగా?"

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, ఫారం తీసి, కిందికి జరిపి, తొమ్మిది దగ్గర ముఖం చిట్లించింది. "ఇది ఈ బిల్డింగు ఫారం కాదే. మాకింకోచోట వృద్ధుల హాస్టలుంది, వాళ్ళది. భోజనాలు ఎంతమందికి వండాలో తెలియడానికి. ఎవరో మీకూ అదే పంపేసినట్టున్నారు."

"అయితే మేం పెట్టే టిక్కు ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరంకుల్."

మామయ్య కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"ఫోటోకి ఫోటో తియ్యనా మేడమ్?" అన్నాడు ఫోటోగ్రాఫరు మెల్లగా.

"మరి నేనుండొచ్చా?" అందామె.

ల్యాప్‌టాప్ అమ్మాయి వెంటనే అవునని అనలేదు. "చూసి చెప్తానాంటీ. రాబడి తగ్గితే మాత్రం నేనేం చెయ్యలేను, అది నా చేతిలో ఉండదు," అంటూ ఒప్పందం తెరిచి, అందులో వెతకడం మొదలుపెట్టింది. మామయ్య ఆ అమ్మాయి కుర్చీ వెనక నిలబడ్డాడు. కళ్ళజోడు లేకుండా ఆయనకు అక్షరాలు కనిపించవు. అయినా నిలబడ్డాడు.

ఆ అమ్మాయి మొదట 'మరణం' అని కొట్టింది. తర్వాత 'మృతి'. తర్వాత 'వారసులు'. ఒప్పందం మొత్తం అరవై రెండు పేజీలు. ఆ మూడు మాటల్లో ఒక్కటీ అందులో లేదు, మనిషి పోతే ఖాళీ చెయ్యాలన్న మాటా లేదు.